పాట కొత్తది, వరస పాతది: మరి ముద్ర ఎవరిది?

దక్షిణాసియా పాప్, రాక్ గీతాలు మరోసారి పాత సంగీతం వైపు తిరిగాయి. 2022లో పాకిస్థాన్ నుంచి వెలువడిన 'పసూరీ', 2021లో తమిళనాట పుట్టిన 'ఎంజాయ్ ఎంజామీ', 2025లో కేరళ మూలాలున్న ర్యాపర్ హనుమాన్‌కైండ్ విడుదల చేసిన 'రన్ ఇట్ అప్' ఈ ధోరణికి ప్రముఖ ఉదాహరణలు. భాష అర్థం కాని శ్రోతలు సైతం వీటిని కోట్ల సార్లు విన్నారు. ఒక్కొక్క పాటలో వినిపించే కొత్తదనం వెనుక ఒక్కొక్క పాత సంప్రదాయం ఉంది. పంజాబీ విరహగీతం, తమిళ ఒప్పారి, కేరళ దేవాలయ ప్రాంగణంలోని చెండ మేళం ఆ సంప్రదాయాలు.

ఈ కలయికను విమర్శకులు సాధారణంగా 'ఫ్యూజన్' అన్న ఒక్క మాటతో ముగిస్తారు. ఏ శైలి ఏ శైలితో కలిసిందో చెబుతారు. ఆ పాత శైలిని ఇంతకాలం కాపాడుకుంటూ వచ్చిన మనిషి ఎవరు, కొత్త పాటలో అతని పేరు ఎక్కడ ఉంది, దాని రాబడిలో అతని వాటా ఎంత అన్న ప్రశ్నలు మాత్రం వివాదం చెలరేగాక గానీ ముందుకు రావు. గత ఐదారేళ్లలో అలాంటి వివాదాలు ఒకటి తరువాత ఒకటిగా బయటపడ్డాయి. వాటిలో ఒకటి ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లి, ఒకే ఏడాదిలో ఒకదానికొకటి విరుద్ధమైన రెండు తీర్పులకు దారితీసింది.

ఎరువు తెచ్చుకోవడం కొత్త కాదు

ఒక సంగీతం మరొక సంగీతం నుంచి ఎరువు తెచ్చుకోవడం ఈ ఉపఖండంలో ఎన్నడూ దోషంగా పరిగణన పొందలేదు. కర్ణాటక సంగీత త్రిమూర్తులలో ఒకరైన ముత్తుస్వామి దీక్షితులు ఈస్టిండియా కంపెనీ బ్యాండ్లు వాయించిన పాశ్చాత్య బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చారు. అవే నేటికీ పిల్లలు నేర్చుకొనే నొట్టు స్వరాలు. వయొలిన్‌ను కర్ణాటక కచేరీలోకి తెచ్చిన ఘనత ఆయన సోదరుడు బాలుస్వామి దీక్షితులకు దక్కుతుంది. పరదేశపు వాద్యమైన వయొలిన్ ఇప్పుడు లేకుంటే కచేరీయే నిండుగా తోచదు.

బంగ్లాదేశ్ జాతీయ గీతం కథ ఇంకా ఆసక్తికరం. 1905లో రవీంద్రనాథ్ ఠాగూర్ రచించిన ఆ గీతానికి ఆధారమైన బాణీ గగన్ హర్‌కరా అనే బావుల్ గాయకునిది. ఆయన కుష్టియా ప్రాంతంలో ఉత్తరాలు మోసే తపాలా ఉద్యోగి. ఠాగూర్ ఆ మూలగీతాన్ని మరుగుపరచలేదు. 'ప్రవాసి' పత్రికలో దానిని అచ్చు వేయించారు. విశ్వకవి కలం తాకిన బాణీకి ఒక పల్లె తపాలా బంట్రోతు మూలకర్త అన్న సంగతి నేడు లోకానికి తెలుసు. ఆ ఎరుక వలన ఠాగూర్ కీర్తికి తరుగు రాలేదు. గగన్ పేరు మాత్రం చరిత్రలో నిలిచింది.

శ్రీలంకలో పెళ్లి పందిళ్లను ఊపే బైలా సంగీతంలో పోర్చుగీసు బాణీలు, వారి వెంట వచ్చిన ఆఫ్రికన్ల లయలు కలగలిసి ఉన్నాయి. ఆ బైలా పాటే 'సురాంగని' రూపంలో ఎ.ఇ.మనోహరన్ గొంతు ద్వారా పాక్ జలసంధి దాటి దక్షిణ భారతమంతా మారుమోగింది. 1967లో బాబ్ డిలన్ వెలువరించిన 'జాన్ వెస్లీ హార్డింగ్' ఆల్బమ్ ముఖచిత్రంపై ఆయన పక్కన నిలబడినవారు బెంగాల్ బావుల్ గాయకులు పూర్ణదాస్, లక్ష్మణ్‌దాస్. 1970లలో కోల్‌కతాలో గౌతమ్ చట్టోపాధ్యాయ నాయకత్వాన పుట్టిన 'మహీనేర్ ఘోడాగులి' బృందం బావుల్ బాణీలను, పాశ్చాత్య రాక్‌ను ఒక్కచోట చేర్చింది. ఢిల్లీకి చెందిన 'ఇండియన్ ఓషన్' నర్మదా తీరపు జానపదాన్ని, కేరళ క్రైస్తవుల సిరియాక్ ప్రార్థనను రాక్ వేదిక మీదికి తీసుకువచ్చింది.

అందువలన పాతది వాడుకోవడం తప్పా ఒప్పా అన్న ప్రశ్నకు ఈ నేల ఎప్పుడో సమాధానం చెప్పింది. మిగిలిన ప్రశ్న వాడుకొనే తీరుకు సంబంధించినది.

కొత్త పాటల్లో పాత గొంతులు

'పసూరీ'ని అలీ సేఠీ, షే గిల్ పాడారు. కోక్ స్టూడియో పాకిస్థాన్ 14వ సీజన్‌లో 2022 ఫిబ్రవరిలో అది వెలువడింది. లాటిన్ అమెరికా నృత్య సంగీతమైన రెగ్గటాన్ దరువు పాటంతా కింద నడుస్తూ ఉంటుంది. దాని మీద పంజాబీ జానపదంలోని విరహభావం, చప్పట్ల లయ నిలుస్తాయి. అలీ సేఠీ గజల్ గాయని ఫరీదా ఖానుమ్ వద్ద, ఖయాల్ గాయకుడు ఉస్తాద్ నసీరుద్దీన్ సామీ వద్ద శిక్షణ పొందినవారు. స్వరాన్ని సూటిగా నిలపక, జారుతూ చేరే ఆ పద్ధతి ఈ శిక్షణ ఫలితం. పాటలోని తొలి మాటకు ప్రేరణ ఒక లారీ వెనుక రాసి ఉన్న వాక్యమని ఆయన చెప్పారు. దృశ్యంలో నృత్యం చేసినవారు పాకిస్థాన్‌లో శాస్త్రీయ నృత్యాన్ని నిలబెట్టిన షీమా కిర్మానీ. ఇన్ని పొరలున్నా పాట బరువెక్కదు. ఏ పొర ఎవరిదో తెలుస్తూనే ఉంటుంది.

అదే సీజన్‌లో వచ్చిన 'కనా యారీ' బలూచీ పాట. ముసుగు ధరించి ర్యాప్ పాడే ఈవా బి, యువ గాయకుడు కైఫీ ఖలీల్‌లతో పాటు వయసు మళ్లిన జానపద కళాకారుడు అబ్దుల్ వహాబ్ బుగ్టీ అందులో పాడారు. ముగ్గురి పేర్లూ పాట శీర్షికలోనే ఉన్నాయి. 2022లో ఆరంభమైన కోక్ స్టూడియో బంగ్లా తన తొలి పాట 'నాసేక్ నాసేక్'కు హాజంగ్ భాషను ఎంచుకుంది. ఆ సముదాయానికి చెందిన అనిమేష్ రాయ్ స్వయంగా దానిని పాడారు. ఒక చిన్న గిరిజన భాష ఢాకా నగరపు వేదిక మీద మరొకరి నోటి ద్వారా గాక తన సొంత గొంతుతో వినిపించడం ఆ పాటకు నిండుదనం తెచ్చింది.

'రన్ ఇట్ అప్' మరో దారి పట్టింది. చెండ దరువును నేపథ్యపు అలంకారంగా గాక పాటకు వెన్నెముకగా నిలిపింది. ర్యాప్ చరణాలు ఆ దరువు వేగానికి లోబడి నడుస్తాయి. దృశ్యంలో కలరిపయట్టు, గత్కా, థాంగ్-టా వంటి యుద్ధవిద్యలు, తెయ్యం వేషాలు కనిపిస్తాయి. 2025 మార్చి 30 నాటి 'మన్ కీ బాత్' ప్రసంగంలో ప్రధానమంత్రి ఈ పాటను ప్రస్తావించి, సంప్రదాయ యుద్ధవిద్యలకు లభించిన ప్రపంచ గుర్తింపును అభినందించారు.

తెలుగు శ్రోతకు దగ్గరి ఉదాహరణ బెంగళూరు బృందం 'అగం'. కర్ణాటక సంగీతాన్ని ప్రోగ్రెసివ్ రాక్‌తో కలిపే ఈ బృందం 2017 నాటి తన ఆల్బమ్‌లో త్యాగరాజస్వామి నళినకాంతి రాగ కృతి 'మనవ్యాలకించరాదటే'ను ఎలక్ట్రిక్ గిటార్లు, డ్రమ్స్ నడుమ ఆలపించింది. పాటకు ఆంగ్లంలో వేరే పేరు పెట్టినా లోపలి తెలుగు మాట త్యాగరాజుదే. ఆయన కాలధర్మం చెంది 170 ఏళ్లు దాటింది. ఆ కృతి మీద ఎవరికీ కాపీరైట్ లేదు. అయినా దానిని తనదని చెప్పుకొనే సాహసం ఎవరూ చేయరు, చేయలేరు.

మూడు వివాదాలు, ఒకే లోపం

త్యాగరాజుకు దక్కిన ఈ రక్షణ రతన్ కహార్‌కు దక్కలేదు. పశ్చిమ బెంగాల్‌లోని బీర్‌భూమ్ జిల్లా వాసి అయిన ఈ జానపద కవి గాయకుడు 1970ల ఆరంభంలో 'బడో లోకేర్ బిటి లో' అన్న పాట కట్టారు. 1976లో స్వప్నా చక్రవర్తి గొంతులో అది రికార్డుగా వచ్చి బెంగాల్ అంతటా వ్యాపించింది. వ్యాపించిన కొద్దీ కర్త పేరు చెరిగిపోయి, అది 'సంప్రదాయ గీతం'గా మిగిలింది. 2020 మార్చిలో ర్యాపర్ బాద్‌షా విడుదల చేసిన 'గేందా ఫూల్'లో ఆ పల్లవి వినిపించింది. కహార్ పేరు మాత్రం కనిపించలేదు.

బెంగాలీ శ్రోతల నుంచి నిరసన వ్యక్తమయ్యాక బాద్‌షా వివరణ ఇచ్చారు. కాపీరైట్ సంఘాల నమోదుల్లో గానీ, అంతకుముందు వచ్చిన రికార్డుల్లో గానీ కహార్ పేరు కనబడలేదని ఆయన చెప్పారు. అనంతరం కహార్‌కు 5 లక్షల రూపాయలు అందజేశారు. 2024లో కేంద్ర ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ప్రకటించింది. బాద్‌షా వివరణలో ఒక చేదు వాస్తవం ఉంది. పొరపాటు 2020లో మొదలు కాలేదు. పాట తొలిసారి రికార్డు అయిననాడే మొదలైంది. ఒకసారి 'సంప్రదాయం' అని ముద్ర పడితే, తరువాత వచ్చేవారందరికీ ఆ మాటే ఆధారమవుతుంది.

'ఎంజాయ్ ఎంజామీ' వివాదం వేరొక రూపం దాల్చింది. ధీ, అరివు పాడగా సంతోష్ నారాయణన్ నిర్మాణ బాధ్యత వహించిన ఈ పాటకు పునాది, మరణించినవారి కోసం పాడే ఒప్పారి. శ్రీలంక తేయాకు తోటల్లో చాకిరీ చేసి, సెంటు భూమి లేకుండా తిరిగివచ్చిన తన అవ్వ వల్లియమ్మాళ్ తరం బతుకే పాటకు మూలమని అరివు చెప్పారు. పాటలో శోకం, సంబరం విడదీయరానంతగా పెనవేసుకున్నాయి. 2021 ఆగస్టులో ఒక ప్రముఖ సంగీత పత్రిక భారతీయ సంచిక ముఖచిత్రం మీద అరివు లేకపోవడంపై విమర్శలు వచ్చాయి. 2022 జులైలో చెన్నై చెస్ ఒలింపియాడ్ ప్రారంభ వేడుకలో ఆయన లేకుండానే పాట ప్రదర్శితమైంది. పాట రచనలో, స్వరకల్పనలో ఎవరి పాత్ర ఎంత అన్న దానిపై ముగ్గురూ బహిరంగంగా ప్రకటనలు చేయవలసి వచ్చింది. పాట ద్వారా తమకు రాబడి ఏదీ అందలేదని 2024లో సంతోష్ నారాయణన్ వెల్లడించారు. శ్రమ దోపిడీ గురించి కట్టిన పాటకే ఈ గతి పట్టడం గమనార్హం.

మూడవది శాస్త్రీయ సంగీతానికి చెందినది. 2023లో విడుదలైన 'పొన్నియిన్ సెల్వన్-2' చిత్రంలో ఎ.ఆర్.రహమాన్ స్వరపరచిన 'వీరా రాజ వీరా' పాట, తన తండ్రి ఫయాజుద్దీన్ డాగర్, ఆయన సోదరుడు జహీరుద్దీన్ డాగర్‌లు అడాణా రాగంలో కూర్చిన 'శివస్తుతి'ని అనుసరించినదని ధ్రుపద్ గాయకుడు ఉస్తాద్ ఫయాజ్ వాసిఫుద్దీన్ డాగర్ ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించారు. పాటను తొలుత డాగర్‌వాణీ ధ్రుపద్ సంప్రదాయం ఆధారంగా కూర్చినదిగా పేర్కొన్నారు. సంప్రదాయాన్ని ప్రస్తావించి వ్యక్తులను వదిలివేశారన్నది ఫిర్యాదు. సంప్రదాయం అందరిదన్నది ప్రతివాదుల వాదన.

2025 ఏప్రిల్ 25న ఏకసభ్య ధర్మాసనం డాగర్ వాదనతో ఏకీభవించింది. అన్ని వేదికల మీద డాగర్ సోదరుల పేర్లు చేర్చాలని, 2 కోట్ల రూపాయలు కోర్టులో జమ చేయాలని మధ్యంతర ఉత్తర్వులు ఇచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్ 24న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఉత్తర్వులను రద్దు చేసింది. ఒక రచనను పాడినంత మాత్రాన పాడినవారే దాని కర్తలని ప్రాథమికంగా నిర్ధారించలేమన్నది ఆ నిర్ణయానికి ప్రధాన ఆధారం. రెండు పాటల మధ్య సామ్యం ఉల్లంఘన అవుతుందా అన్న ప్రశ్నలోకి ఆ ధర్మాసనం వెళ్లలేదు.

చట్టం దృష్టిలో న్యాయమైన ఈ తర్కం మౌఖిక సంప్రదాయాన్ని ఇరకాటంలో పెడుతుంది. ధ్రుపద్ అయినా, జానపదమైనా కాగితం మీద పుట్టదు. గురువు పాడగా శిష్యుడు విని నేర్చుకుంటాడు. పాడటం తప్ప రచనకు మరో సాక్ష్యం ఉండని చోట, పాడటం సాక్ష్యం కాదంటే ఇంకేది సాక్ష్యమవుతుంది? ఈ ప్రశ్న డాగర్ కుటుంబానికే పరిమితం కాదు. బీర్‌భూమ్ పాటగాడికీ, బలూచిస్థాన్ కళాకారుడికీ, నల్లమల కిన్నెర వాద్యకారుడికీ ఇదే వర్తిస్తుంది.

చట్టం ఎవరిని చూస్తుంది?

1957 నాటి భారత కాపీరైట్ చట్టం ఒక రచన, దానికొక కర్త అన్న భావన మీద నిర్మితమైంది. కర్త జీవించినంత కాలం, ఆ తరువాత 60 ఏళ్లు హక్కు ఉంటుంది. పేరు తెలిసిన స్వరకర్తకు ఇది బలమైన ఆయుధం. 2024లో 'మంజుమ్మల్ బాయ్స్', 2025లో 'గుడ్ బ్యాడ్ అగ్లీ' చిత్రాల నిర్మాతలకు ఇళయరాజా నోటీసులు పంపగలిగారంటే, ఆ పాటలు ఆయనవని లోకానికి, రికార్డులకు తెలిసి ఉండటమే కారణం. 1976లో అమెరికా న్యాయస్థానం జార్జ్ హారిసన్ 'మై స్వీట్ లార్డ్' పాట అంతకుముందున్న మరో పాటను తెలియకుండానే అనుకరించిందని తేల్చింది. ఉద్దేశం లేకున్నా బాధ్యత తప్పదన్న ఆ తీర్పు సైతం పేరున్న కర్త, నమోదైన పాట ఉన్నందువల్లే సాధ్యమైంది.

తరతరాలుగా ఒక కులమో, తెగో, ఊరో కలిసి మలచిన పాటకు అలాంటి ఒక్క కర్త ఉండడు. కనుక చట్టం దానిని ఎవరిదీ కానిదిగా పరిగణిస్తుంది. ఎవరిదీ కానిది అందరిదీ అవుతుంది. అయితే అందరిదీ అయిన పాటను స్టూడియోలో రికార్డు చేసిన మరుక్షణం ఆ రికార్డింగ్ మీద నిర్మాణ సంస్థకు హక్కు పుడుతుంది. కొత్తగా చేర్చిన చరణాల మీద రచయితకు, కొత్త స్వరకల్పన మీద సంగీత దర్శకునికి హక్కు పుడుతుంది. పాటను వారికి వినిపించిన మనిషికి మాత్రం ఏ హక్కూ పుట్టదు.

దీనికి పూర్తిగా మార్గం లేకపోలేదు. 2012లో వచ్చిన సవరణలు గాయకులకు, వాద్యకారులకు రాయల్టీ వాటాను, తమ పేరు గుర్తింపు పొందే నైతిక హక్కును కల్పించాయి. కనుక జానపద కళాకారుడు కొత్త పాటలో స్వయంగా పాడితే అతడు ప్రదర్శకుడిగా హక్కుదారు అవుతాడు. అతని దగ్గర పాట నేర్చుకొని మరొకరు పాడితే ఆ హక్కు వర్తించదు. 'కనా యారీ', 'నాసేక్ నాసేక్' వంటి పాటల పద్ధతికి, 'గేందా ఫూల్' పద్ధతికి నడుమ ఉన్న తేడా ఇదే. మొదటిదానిలో పాతగొంతు పాటలోనే ఉంది. రెండవదానిలో పల్లవి వచ్చింది గానీ మనిషి రాలేదు.

అంతర్జాతీయ స్థాయిలోనూ ఈ వెలితి కొనసాగుతోంది. 2024 మేలో ప్రపంచ మేధోసంపత్తి సంస్థ సభ్యదేశాలు జన్యు వనరులు, వాటితో ముడిపడిన సంప్రదాయ విజ్ఞానంపై ఒక ఒప్పందాన్ని ఆమోదించాయి. సంప్రదాయ సాంస్కృతిక వ్యక్తీకరణలు, అంటే పాటలు, ఆటలు, కథలు, అందులో చేరలేదు. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు రక్షణ ఉంది. వీణ చెక్కిన పనస కర్రకు ఊరి పేరు దక్కింది. అలాంటి వాద్యాల మీద పలికే ఊరి వరసకు అటువంటి రక్షణ లేదు.

తెలుగు నేలపై 'సేకరణ'

తెలుగునాట ఈ సమస్యకు ఒక ప్రత్యేకమైన పదం ఉంది. అది 'సేకరణ'. జానపద గీతం అచ్చయినా, రికార్డు అయినా 'సేకరణ' అన్న మాట పక్కన సేకరించినవారి పేరు వస్తుంది. పాడి వినిపించినవారి పేరు తరచుగా రాదు. సేకర్తల కృషి తక్కువది కాదు. బిరుదురాజు రామరాజు వంటి పండితులు పూనుకోకుంటే తెలుగు జానపద గేయసాహిత్యానికి విశ్వవిద్యాలయంలో పీట దొరికేది కాదు. అయితే నాటువేసే మడిలో, తిరగలి పక్కన, పెళ్లి పందిట్లో ఆ పాటను పాడిన స్త్రీలలో ఎందరి పేర్లు నేడు తెలుసు? 2021లో 'లవ్ స్టోరీ' చిత్రంలోని 'సారంగ దరియా' పాట విడుదలైనప్పుడు ఇదే చర్చ తలెత్తింది. ఆ జానపదాన్ని అంతకుముందే వెలుగులోకి తెచ్చిన తనకు గుర్తింపు ఏదని ఒక గాయని ప్రశ్నించారు.

పేరు దక్కినంత మాత్రాన కథ ముగియదని దర్శనం మొగులయ్య జీవితం చెబుతోంది. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన ఈ 12 మెట్ల కిన్నెర కళాకారుడు 2021లో 'భీమ్లా నాయక్' చిత్ర గీతానికి ఆరంభంలో పాడారు. ఆ కొద్ది నిమిషాల పాట ఆయనను ఇంటింటికీ పరిచయం చేసింది. 2022లో పద్మశ్రీ వరించింది. 2024 మేలో ఆయన హైదరాబాద్ శివార్లలో భవన నిర్మాణ పనుల్లో కూలిగా కనిపించారన్న వార్త అందరినీ కలవరపరిచింది. 'కనా యారీ' పాడిన వహాబ్ బుగ్టీ ఇల్లు కూడా పాట విడుదలైన కొద్ది నెలలకే 2022 నాటి పాకిస్థాన్ వరదల్లో కూలిపోయింది. కీర్తి కోట్ల మందికి చేరినా కళాకారుడి ఇంటి కప్పు దాకా రాలేదు.

మరోవైపు యూట్యూబ్ వేదికగా తెలంగాణ ప్రైవేటు జానపదం కొత్త ఊపు అందుకుంది. 2025లో 'రాను బొంబైకి రాను' వంటి పాటలు సినిమా అండ లేకుండానే పెళ్లి బరాత్‌ల నుంచి విదేశాల్లోని తెలుగు సంఘాల వేడుకల దాకా మోగాయి. పల్లె యువత తమ యాసలో తామే రాసి, పాడి, చిత్రీకరించి విడుదల చేస్తున్నారు. కర్త, గాయకుడు, హక్కుదారు ఒక్కరే అయ్యే అవకాశం ఇక్కడ ఉండటం శుభసూచకం. కానీ ఈ పాటల్లోనూ కొన్నింటికి పల్లవి పాతది, చరణాలు కొత్తవి. పల్లవి ఏ ఊరిదో, ఎవరి నోట విన్నదో వివరణలో ఒక్క వాక్యం రాయడానికి ఖర్చేమీ కాదు. ఆ అలవాటు ఇంకా స్థిరపడలేదు.

ముందే అడగడం, ముందే చెప్పడం

ఈ వివాదాలన్నిటిలో ఒక సమాన లక్షణం కనిపిస్తుంది. పేరు గానీ, సొమ్ము గానీ పాట విడుదలై ప్రజాదరణ పొందాక, నిరసన పెరిగాక వచ్చాయి. అప్పటికి ఇచ్చేది హక్కుగా గాక దయగా కనిపిస్తుంది. పుచ్చుకొనేవారి గౌరవం తగ్గుతుంది. ఇచ్చేవారికీ అపవాదు తప్పదు. నిజంగా పాతపాటపై ప్రేమతో పనిచేసిన సంగీత దర్శకులకు ఇది అన్యాయమే.

ముందే అడిగితే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ కూడా పరిశ్రమలోనే ఉంది. 2024లో 'లాల్ సలామ్' చిత్రం కోసం దివంగత గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్‌ల గొంతులను కృత్రిమ మేధతో పునఃసృష్టించినప్పుడు ఎ.ఆర్.రహమాన్ వారి కుటుంబాల అనుమతి తీసుకొని పారితోషికం చెల్లించినట్లు ప్రకటించారు. అదే ఏడాది ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతును అనుమతి లేకుండా సృష్టించారంటూ ఆయన కుమారుడు ఒక తెలుగు చిత్ర బృందానికి నోటీసు పంపారు. కనుమరుగైన గొంతుకు అనుమతి అడగడం మర్యాదగా స్థిరపడుతున్నప్పుడు, బతికి ఉన్న పల్లె గొంతును అడగకపోవడానికి కారణం వెదకడం కష్టం.

చేయదగిన పనులు పెద్దవి కావు. జానపద పల్లవిని వాడే ప్రతి పాటకూ 'సంప్రదాయం' అన్న మాటతో పాటు ప్రాంతం, సముదాయం, వినిపించిన వ్యక్తి పేరు నమోదు చేయవచ్చు. వీలైన చోట ఆ కళాకారుడితోనే పాడించి, ప్రదర్శకుడిగా రాయల్టీ వాటా వచ్చేలా ఒప్పందం రాసుకోవచ్చు. ఆ ఒప్పందం కళాకారుడికి తెలిసిన భాషలో ఉండాలి. చదువు రానివారికి సాక్షుల సమక్షంలో చదివి వినిపించాలి. కర్త తెలియని పాట విషయంలో రాబడిలో కొంత భాగాన్ని ఆ సముదాయపు కళాకారుల సంక్షేమానికి కేటాయించవచ్చు. రాయల్టీ వసూలు సంఘాలు పల్లెలకు వెళ్లి కళాకారులను సభ్యులుగా చేర్చుకుంటే, రతన్ కహార్ విషయంలో వినిపించిన 'నమోదుల్లో పేరు లేదు' అన్న సమాధానానికి తావుండదు.

దీనిపై ఒక అభ్యంతరం ఉంది. ప్రతి పల్లవికీ అనుమతి, ప్రతి దరువుకూ రుసుము అంటే యువ సంగీతకారులు పాతపాటకు దూరమవుతారని, వాడుకలో లేని పాట చచ్చిపోతుందని కొందరి భయం. అది తోసిపుచ్చదగినది కాదు. చెండ దరువు మీద ఎవరికైనా గుత్తహక్కు ఇస్తే రేపు కేరళ యువకుడే దానిని వాడలేకపోవచ్చు. రాగం మీద, తాళం మీద, శైలి మీద హక్కు ఎవరికీ ఉండకూడదు. ఉంటే దీక్షితుల నొట్టు స్వరాలూ, ఠాగూర్ గీతమూ పుట్టేవి కావు. అడుగుతున్నది అనుమతి గోడ కాదు. ఒక నిర్దిష్టమైన పాటను ఒక నిర్దిష్టమైన మనిషి నుంచి తీసుకున్నప్పుడు ఆ మనిషిని పేరుతో చెప్పుకోవడం, వచ్చిన దానిలో పాలు పంచడం మాత్రమే.

ప్రజా ప్రసార సంస్థల బాధ్యత కూడా ఇందులో ఉంది. ఆకాశవాణి కేంద్రాలు జానపద కళాకారులను స్వరపరీక్ష ద్వారా ఎంపిక చేసి, ఒప్పందపత్రం ఇచ్చి, పారితోషికం చెల్లించి పాడించాయి. పాటకు ముందో వెనుకో పాడినవారి పేరు చెప్పడం అనౌన్సర్ విధి. శ్రోతలకు చాదస్తంగా తోచిన ఆ ప్రకటన ఒక హక్కుపత్రంతో సమానమని ఇప్పుడు తెలుస్తోంది. నేటి స్ట్రీమింగ్ వేదికల్లో ఆ అనౌన్సర్ లేడు. పాట పేరు, ప్రధాన గాయకుని పేరు తప్ప మిగిలినవి రెండు మూడు సార్లు నొక్కితే గానీ కనిపించవు. పాత రికార్డింగులు పేర్లతో సహా డిజిటల్ రూపంలో అందుబాటులోకి వస్తే, న్యాయస్థానాలు వెదికే సాక్ష్యం చాలావరకు అక్కడే దొరుకుతుంది.

విమర్శకుల పనీ మారవలసి ఉంది. కొత్త పాటను సమీక్షించేటప్పుడు గిటార్ ఎంత బాగా మోగిందో, దరువు ఎంత ఊపుగా ఉందో చెప్పడంతో పాటు, ఆ పాత వరస ఎవరి దగ్గరి నుంచి వచ్చిందో చెప్పడం సమీక్షలో భాగం కావాలి. చిత్ర సమీక్షలో కథ ఎవరిదన్న ప్రశ్న సహజంగా వస్తుంది. పాట విషయంలో ఆ ప్రశ్న కోర్టు నోటీసు అందాక రావడం తగదు.

నిజానికి ఈ ఉపఖండపు వాగ్గేయకారులు ఈ సమస్యను శతాబ్దాల క్రితమే గ్రహించినట్లుంది. త్యాగరాజు తన కృతి చివరి చరణంలో తన పేరు నిలిపారు. క్షేత్రయ్య తన పదాల్లో మువ్వగోపాలుని పేరు పలికించారు. కుష్టియాలో లాలన్ ఫకీర్, పంజాబులో బుల్లేషా తమ పేరు పాటలోనే అల్లారు. దానినే తెలుగులో ముద్ర అన్నారు. ఎన్ని గొంతులు మారినా, వాద్యాలు మారినా ఆ ముద్ర పాటతో పాటే ప్రయాణించింది. మడిలో నాటువేస్తూ పాట కట్టిన స్త్రీకి, కిన్నెర భుజాన వేసుకొని ఊరూరా తిరిగిన కళాకారుడికి అలా ముద్ర వేసుకొనే అలవాటు గానీ, అవకాశం గానీ లేకపోయింది. వారి పాటను నేడు ప్రపంచానికి వినిపిస్తున్నవారు ఆ ముద్రను వారి తరఫున వేయవలసి ఉంది.